ఎవరి సూది, ఎవరి చర్మం, ఎవరి పేరు?

పచ్చబొట్టుకి మన వాడుకలో రెండు క్రియలున్నాయి. పల్లెల్లో ఆడవాళ్ళు పచ్చబొట్టు పొడిపించుకున్నారు. పట్నంలో అమ్మాయిలు టాటూ వేయించుకుంటున్నారు. పొడిపించుకోవడం అన్నప్పుడు నొప్పి, రక్తం, మొరటుతనం వినిపిస్తాయి. వేయించుకోవడం అన్నప్పుడు ముగ్గు వేసినట్టు, మేకప్ వేసినట్టు నాజూకుగా ఉంటుంది. జరిగే పని మాత్రం ఒక్కటే. సూది చర్మం పైపొర దాటి కిందిపొరలోకి దిగుతుంది. రంగు అక్కడ నిలిచిపోతుంది. చేతి సూదికీ కరెంటు సూదికీ ఉన్న తేడా వేగంలోనే. మరి రెండు మాటలు ఎందుకొచ్చాయి? ఆ రెండింటి మధ్యా ఉన్నది కులం, డబ్బు, ఇంగ్లీషు.

ఇది ఇప్పుడెందుకు ఎత్తుతున్నానంటే, స్త్రీవాదులమైన మనం కూడా ఈ తేడాని ఒక సిద్ధాంతంగా మార్చేశాం. అమ్మమ్మ ఒంటిమీది పచ్చబొట్టు బానిసత్వం, మనవరాలి ఒంటిమీది టాటూ స్వేచ్ఛ. ఈ మాట సభల్లో విన్నాను, వ్యాసాల్లో చదివాను. కుర్రపిల్లలు దీన్ని చాలా గర్వంగా చెబుతారు. 'నా శరీరం, నా ఇష్టం' అన్న నినాదాన్ని మనమే వాళ్ళకిచ్చాం కాబట్టి కాదనడానికి మనకీ నోరు రాదు. కానీ ఈ సిద్ధాంతం తప్పు. అమ్మమ్మ విషయంలోనూ తప్పే, మనవరాలి విషయంలోనూ తప్పే. వీళ్ళిద్దరి మధ్యా కూర్చుని సూది పట్టుకున్న ఆడమనిషిని పూర్తిగా మరిచిపోయింది కాబట్టి మరీ తప్పు.

ముందు అమ్మమ్మ సంగతి. మాది బాపట్ల దగ్గర పల్లె. వ్యవసాయం చేసుకునే కులం. మా అమ్మమ్మకి గడ్డం మీద ఒక చుక్క, కుడి ముంజేతి మీద తేలు, ఎడమ ముంజేతి మీద తాతయ్య పేరు ఉండేవి. చుక్క, తేలు ఎనిమిదేళ్ళప్పుడు పొడిచారు. తను ఏడుస్తూ పెనుగులాడుతుంటే మేనత్త కాళ్ళు పట్టుకుందట, వాళ్ళమ్మ తల పట్టుకుందట. పేరు మాత్రం కాపురానికొచ్చాక అత్తగారు దగ్గరుండి పొడిపించింది. ఇందులో ఎక్కడా అమ్మమ్మని అడిగినవాళ్ళు లేరు. దీన్ని సంప్రదాయం, జానపద కళ అని ముద్దు చేయడానికి నేను సిద్ధంగా లేను. ఎనిమిదేళ్ళ పిల్లని కదలకుండా పట్టుకుని సూదితో గుచ్చడం హింసే. ఈ మధ్య పత్రికల అనుబంధాల్లో 'మన పూర్వీకుల అద్భుత కళ' అంటూ రంగుల ఫొటోలతో వచ్చే వ్యాసాలు ఈ ముక్క చెప్పవు.

అయితే అక్కడితో ఆగిపోతే అమ్మమ్మకి అన్యాయం చేసినట్టే. మొగుడి పేరు నోటితో పలకకూడదన్న ఆచారం ఆమెది. ఓటరు జాబితా రాసుకోవడానికి వచ్చినవాడు భర్త పేరేమిటని అడిగితే ఎడమచెయ్యి చాపి చూపించేది. తనకి చదువు రాదు. ఆ అక్షరాలు పొడిచిన ఎరుకలామెకీ చదువు రాదు. ఎవరో బొగ్గుతో గోడమీద రాస్తే చూసి దించింది. దించడంలో సుబ్బయ్యకి ఒత్తులు రెండూ పోయాయి. చదువుకున్న మనవరాలిగా నేను అది చదివి 'సుబయ' అన్నప్పుడు అమ్మమ్మ పడీపడీ నవ్వింది. 'అట్నే ఉండనీవే, ఆయనకంత ఒత్తులెందుకు' అంది. మొగుడి పేరు చెరగకుండా ఒంటిమీద వేయించిన వ్యవస్థ ఉంది. దాన్ని మోస్తూనే నవ్విన మనిషీ ఉంది. మొదటిదాన్నే చూసి రెండోదాన్ని వదిలేసే స్త్రీవాదం నాకు అక్కర్లేదు.

ఇంకో సంగతి. చచ్చాక వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. దీన్ని మూఢనమ్మకమని తీసిపారేయడం తేలిక. కానీ ఆ మాట అన్న ఆడవాళ్ళ చేతుల్లో ఏముండేదో చూడండి. భూమిలో వాటా లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. మా అమ్మమ్మకి ఆ రెండూ పనికిరాలేదు. పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు తులాల బంగారం రెండుసార్లు పొగాకు పంట కోసం తాకట్టుకి వెళ్ళింది, మూడోసారి వెళ్ళి తిరిగి రాలేదు. పోయినరోజు ముక్కుపుడక కూడా తీసేశారు. తాకట్టు పెట్టలేనిది, కోడలికి పంచలేనిది, శవం మీంచి తీయలేనిది పచ్చబొట్టొక్కటే. వెంట వచ్చేది అదొక్కటే అన్నప్పుడు ఆమె పరలోకం గురించి కాదు, ఇక్కడి ఆస్తి గురించి మాట్లాడుతోందని నాకనిపిస్తుంది.

ఇక సూది పట్టుకున్న మనిషి సంగతి. 'పచ్చబొట్లమ్మా, పచ్చబొట్లు' అని కేకేస్తూ వీధుల్లోకి వచ్చేది ఎరుకల స్త్రీలు. నాలుగైదు సూదులు దారంతో కలిపి కట్టిన కట్ట, దీపపు మసి, ఆకుపసరు, గుడ్డపేలిక, చివర రాయడానికి పసుపు. అంతే వాళ్ళ సామాను. మసి నల్లగానే ఉంటుంది. కానీ చర్మం అడుగున చేరాక, పైపొర గుండా వెలుతురు చెదిరి బయటికి వచ్చేసరికి నీలంగా, ఆకుపచ్చగా కనిపిస్తుంది. పచ్చబొట్టులోని పచ్చ అలా వచ్చిందే. ఎంత లోతున గుచ్చితే రంగు నిలుస్తుంది, ఎంత లోతుకి పోతే పుండవుతుంది, ముసలి చర్మం మీద ఎలా, పసిచర్మం మీద ఎలా అన్నదంతా చేతివేళ్ళకి తెలిసిన విద్య. తల్లి నుంచి కూతురికి వచ్చిన విద్య. పాట పాడుతూ, కబుర్లు చెబుతూ నొప్పి మరిపించడం కూడా అందులో భాగమే.

ఈ మనిషిని మా ఇంట్లో అరుగు దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. మంచినీళ్ళు ఎత్తి దోసిట్లో పోసేవాళ్ళు. కానీ అదే అరుగుమీద ఆమె మా ఇంటి ఆడపిల్లల చేతులు తన ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళ నెత్తురు తన పేలికతో తుడిచేది. కూలి సోలెడు బియ్యం, ఓ పాతచీర. అంటరానితనానికీ, అంటుకోకుండా జరగని ఈ పనికీ మధ్య మనవాళ్ళు ఎంత సులువుగా రాజీ కుదుర్చుకున్నారో చూడండి. చెయ్యి కావాలి, మనిషి అక్కర్లేదు.

ఊరు చేసింది ఇది. ప్రభుత్వం చేసింది ఇంకా ఘోరం. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. ఎరుకల, కొరవ కులాలని పుట్టుకతోనే నేరస్థులని ప్రకటించారు. బాపట్ల పక్కనున్న స్టువర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టిన సెటిల్‌మెంటే. వీళ్ళు ఊరూరా తిరిగి ఉప్పు, ధాన్యం అమ్ముకుని బతికినవాళ్ళనీ, రైళ్ళూ ఉప్పు విధానాలూ ఆ బతుకుని దెబ్బతీశాయనీ మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన 'డిసానర్డ్ బై హిస్టరీ' పుస్తకంలో వివరంగా రాశారు. చట్టం 1952లో రద్దయింది. ముద్ర పోలేదు. స్టువర్టుపురం పేరుతో 1991లో తీసిన సినిమాలూ దొంగల సినిమాలే, 2023లో తీసిందీ దొంగ సినిమాయే. ఆ కులపు ఆడవాళ్ళు కొన్ని తరాలపాటు తెలుగు స్త్రీల ఒళ్ళమీద బొమ్మలు గీశారన్నది ఏ సినిమాకీ కథ కాలేదు. ఊళ్ళవాళ్ళ చర్మం మీద ఆమె చుక్క పెట్టింది. ఆమె పుట్టుక మీద ప్రభుత్వం దొంగ అని రాసింది. రెండింట్లో చెరగనిది ఏది?

ఈ 'రాయడం' నేను అలంకారానికి వాడిన మాట కాదు. సూది రాజ్యం చేతికి వెళితే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. యావజ్జీవ శిక్ష పడిన ఖైదీల నుదుటిమీద వాళ్ళ నేరాన్ని పచ్చబొట్టుగా పొడవాలని 1797లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో నిబంధన పెట్టింది. 1849 దాకా అది సాగింది. పాత సంగతి అనుకుంటే పొరపాటు. 1993లో అమృత్‌సర్‌లో జేబులు కొట్టారన్న అనుమానంతో పట్టుకున్న నలుగురు స్త్రీల నుదుళ్ళ మీద పోలీసులు 'జేబ్ కత్రీ' అని పచ్చబొట్టు పొడిపించారు. జేబుదొంగ అని అర్థం. ఆ కేసులో ముగ్గురు పోలీసులకి సీబీఐ ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది 2016లో. ఇరవైమూడేళ్ళు!  'నా శరీరం, నా ఇష్టం' అనడానికి వాళ్ళకి అవకాశమెక్కడుంది? పచ్చబొట్టు గురించి మాట్లాడే ఏ స్త్రీవాదమైనా ఈ నలుగురి నుదుళ్ళ దగ్గర మొదలుకావాలి.

ఇప్పటి ప్రభుత్వ నిబంధనలు కూడా చదవదగ్గవే. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో చేరేవాళ్ళకి ఎలాంటి పచ్చబొట్టు ఉండొచ్చో వైద్యపరీక్షల మార్గదర్శకాల్లో రాశారు. మతచిహ్నమో, దేవుడి బొమ్మో, పేరో అయితే ఫరవాలేదు. ముంజేతి లోపలివైపు ఉండొచ్చు, అదీ సెల్యూట్ చేయని ఎడమచేతి మీద. లేదా అరచేతి వెనకవైపు. ఆ భాగంలో నాలుగోవంతుకి మించకూడదు. అంటే ఈ దేశంలో ఒంటిమీద ఉండదగ్గవి దేవుడూ, పేరూ. మా అమ్మమ్మ అత్తగారు కూడా సరిగ్గా ఇలాగే ఆలోచించింది. ఎడమ ముంజేయి అన్నది కూడా కలిసింది!

రాజకీయాల్లోకి వస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో అప్పటి తెలంగాణ గిరిజన సంక్షేమ, స్త్రీ శిశు సంక్షేమ శాఖల మంత్రి సత్యవతి రాథోడ్ తన చేతిమీద అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పేరు పచ్చబొట్టు వేయించుకున్నారు. పత్రికలన్నీ అభిమానం అని రాశాయి. ఆమె అభిమానాన్ని నేను శంకించడం లేదు. ఒక గిరిజన స్త్రీ మంత్రి కావడం వెనక ఎంత కష్టముందో నాకు తెలుసు. కానీ స్త్రీల సంక్షేమం చూసే మంత్రి తన విధేయత చూపడానికి కూడా ఒంటిమీద మగవాడి పేరే రాయించుకోవాల్సి వచ్చిందంటే, అది ఆమె ఒక్కరి ఇష్టాయిష్టాల సంగతి కాదు. మన రాజకీయ పార్టీలు ఎంతగా కాపురాల్లా నడుస్తున్నాయో అది చెబుతుంది. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రభుత్వం మారింది. ప్రభుత్వాలు మారినంత తేలిగ్గా చర్మం మీది అక్షరం మారదు.

సినిమా సంగతి చెప్పనక్కర్లేదు. 2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగంలో నాయిక అవంతిక యోధురాలు. ఆమెకి తెలియకుండా, ఆమె ఏమరుపాటుగా ఉన్నప్పుడు, నాయకుడు దొంగచాటుగా ఆమె చేతిమీద రంగుతో బొమ్మ గీస్తాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. అది సూదితో పొడిచిన పచ్చబొట్టు కాదు, నిజమే. కానీ సినిమా దాన్ని పచ్చబొట్టనే పాట కట్టింది. ఇందులో స్త్రీ అంగీకారం ఎక్కడుందని అప్పట్లో కొందరు విమర్శకులు అడిగితే దేశమంతా వాళ్ళమీద విరుచుకుపడింది. ప్రేమ అర్థం కాని మనుషులన్నారు. ఒళ్ళు ఆమెది, బొమ్మ అతనిది, అనుమతి ఎవరిదీ కాదు. దీన్నే మనవాళ్ళు ప్రేమ అంటారు.

'మీరు చెప్పేవన్నీ బలవంతాలు పిన్నీ, మేం మాకు నచ్చి వేయించుకుంటున్నాం కదా' అంటుంది మా అక్క కూతురు. దాని మాట కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. అది భుజం వెనక పిట్ట వేయించుకున్నప్పుడు ఇంట్లో జరిగిన గొడవలో నేను దాని పక్షమే. 'పెళ్ళెలా అవుతుందే' అని మా అక్క మూడు రోజులు అన్నం మానేసింది. ఆడపిల్ల చర్మం పెళ్ళినాటికి మచ్చలేకుండా అప్పజెప్పాల్సిన సరుకు అనుకునే ఇళ్ళలో తన భుజం మీద తనకి నచ్చిన పిట్ట వేయించుకోవడం ధిక్కారమే. అది చిన్న విషయమని నేనెప్పుడూ అనను.

కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. నిశ్చితార్థానికి ముందు అదే పిల్ల మణికట్టు మీద ఆ అబ్బాయి పేరు వేయించుకుంది. తెలుగులో వేయించుకుంటే పాతకాలంగా ఉంటుందని జపాను లిపిలో వేయించుకుంది. జపాను భాష దానికి రాదు. వేసినవాడికీ రాదు. ఫోనులో చూసి దించాడు. మా అమ్మమ్మ చేతిమీద తాను చదవలేని తెలుగు అక్షరాల్లో మొగుడి పేరు ఉండేది. దాని మునిమనవరాలి చేతిమీద తాను చదవలేని జపాను అక్షరాల్లో కాబోయే మొగుడి పేరు చేరింది. మధ్యలో డెబ్బై ఏళ్ళు గడిచాయి, ఇంజనీరింగు డిగ్రీ వచ్చింది, జీతం వచ్చింది. ఇదే స్వేచ్ఛ అంటే నేను ఒప్పుకోను. బలవంతం చేసే అత్తగారు ఇప్పుడు లేదు. అత్తగారి పని ప్రేమా, ఫ్యాషనూ, చుట్టూ ఉన్న పదిమంది చూపూ కలిసి చేసేస్తున్నాయి. ఆ పెళ్ళి జరగలేదు. ఇప్పుడు వారాల ఎడం పెట్టుకుంటూ లేజర్ కోసం తిరుగుతోంది. లేజర్ కాంతి రంగుని పగలగొడితే ఒళ్ళు దాన్ని కొంచెం కొంచెంగా తీసేస్తుంది. నలుపు త్వరగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. వేయించుకున్న దానికి ఎన్నో రెట్లు ఖర్చు. దానికి జీతముంది కాబట్టి చెరిపించుకుంటోంది. జీతం లేని ఆడది ఎవరి పేరు మోస్తూ ఎన్నేళ్ళు బతకాలి?

నేనూ ఒంటిమీద వేయించుకోవాలనుకున్నాను. అమ్మమ్మ చేతిమీది తేలు. ఫొటో పట్టుకుని హైదరాబాదులో ఒక స్టూడియోకి వెళ్ళాను. ఏసీ గది, నల్ల తోలు కుర్చీ, గోడలనిండా పుర్రెలూ సింహాలూ. పనిచేసేవాళ్ళంతా కుర్రాళ్ళు. ఫొటో చూసి అందులో ఒకబ్బాయి 'చాలా క్రూడ్‌గా ఉంది మేడమ్, మా దగ్గర మంచి ట్రైబల్ డిజైన్లున్నాయి' అని ఒక పుస్తకం ముందుపెట్టాడు. బాకుల్లా వంపులు తిరిగిన నల్లటి గీతలు. 'ఈ ట్రైబల్ ఎవరు బాబూ?' అన్నాను. 'ఎవరూ కాదు మేడమ్, అదొక స్టైల్' అన్నాడు. బోర్నియో, పాలినేషియా దీవుల మనుషుల ఒంటిమీది గుర్తులు అమెరికా మీదుగా తిరిగొచ్చి ఎవరివీ కానివైపోయాయి. ఆ పుస్తకంలో లేని ట్రైబల్ ఒకామె ఉంది. షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న ఎరుకలామె. ఆ తేలు గీసింది ఆమె. ఆమె పని 'క్రూడ్'.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అద్దె కట్టుకోవాలి, పొద్దస్తమానం వంగి పనిచేయాలి. అతని చేతిలోనూ నైపుణ్యముంది. కానీ ఒక మార్పు ఎలా జరిగిందో గమనించాలి. అమెరికాలో పేరు తెలిసిన తొలి మహిళా టాటూ కళాకారిణిగా మాడ్ వాగ్నర్‌ని చెప్పుకుంటారు. ఆమె 1904లో సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శన నాటి పరిచయంతో ఆ విద్య నేర్చుకుంది. అక్కడ మగవాళ్ళ వృత్తిలోకి ఆడవాళ్ళు చొరబడాల్సి వచ్చింది. మన దగ్గర జరిగింది దానికి తలకిందులు. ఇక్కడ అది ఆడవాళ్ళ వృత్తి. 1891లో న్యూయార్క్‌లో పేటెంటు పుచ్చుకున్న కరెంటు సూది, షట్టరు, పెట్టుబడి వచ్చాక మగవాళ్ళ చేతికి పోయింది. పోతూ పోతూ పేరు కూడా మార్చుకుంది. ఆమె పచ్చబొట్లది, అతను ఆర్టిస్టు. ఆమెకి సోలెడు బియ్యం, అతనికి వేలు. మనం చదువుకున్నవాళ్ళం అక్కడి మాడ్ వాగ్నర్ పేరు చెప్పగలం. మన అమ్మమ్మలకి పచ్చబొట్లు పొడిచిన ఒక్క మనిషి పేరు చెప్పలేం. ఫిలిప్పీన్స్‌లో కళింగ తెగకి చెందిన వాంగ్-ఓడ్ ముల్లు కట్టిన వెదురుపుల్లతో పచ్చబొట్లు కొడుతుంది. 2023 ఏప్రిల్‌లో అక్కడి 'వోగ్' పత్రిక ఆమెని ముఖచిత్రంగా వేసింది. అప్పటికి ఆమెకి నూటఆరేళ్ళు. ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రమే విముక్తి అని నేననడం లేదు. కనీసం ఆమెకో పేరుంది.

చివరికి తేలు నా చేతిమీద పొడిచింది ఒక తిరునాళ్ళలో చెట్టుకింద కూర్చున్న ఎరుకలామె. ఇప్పుడు చేతిసూదుల కట్ట లేదు, బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం. ఫొటో చూడగానే 'ఇది మావోళ్ళ తేలే' అంది. పక్కన సీలు తీయని సూదుల పొట్లాలున్నాయి. మనిషికో కొత్త సూది వేస్తే అదనంగా ఇరవై రూపాయలు అడుగుతుందట. చాలామంది ఇవ్వరు. 'సూది మారిస్తే ఏమొస్తదే, రంగు మారుద్దా' అని బేరమాడతారట. హెపటైటిస్ గురించి, హెచ్ఐవి గురించి ఆమెకి తెలుసు. బేరమాడేవాళ్ళకే తెలియదు, లేదా అక్కర్లేదు. నిరుడు ఇంకో తిరునాళ్ళలో శుభ్రత లేదని సామానుతో సహా లేపేశారట. స్టూడియోలని ఎవరూ లేపలేదు.

శుభ్రత అనే మాట దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. సూది శుభ్రంగా ఉండాలన్నది తిరుగులేని మాట. యూరప్‌లో 2022 జనవరి నుంచి టాటూ రంగుల్లో వాడే నాలుగు వేలకి పైగా రసాయనాల మీద ఆంక్షలు పెట్టారు. మనకి అలాంటి నిబంధనలు కావాలి. కానీ మన దేశంలో శుభ్రత పేరుతో ఎవరిని తీసేశారో మనకి తెలుసు. మంత్రసానిని అలాగే తీసేశారు. ఆమె విద్యని తీసుకుని మెరుగుపెట్టి ఆమెకే తిరిగి ఇవ్వాల్సింది పోయి, మురికిది అని పక్కకి నెట్టారు. పచ్చబొట్లామె విషయంలోనూ అదే జరుగుతోంది. సూది మార్చండి, మనిషిని మార్చకండి. ఎరుకల స్త్రీలకి శిక్షణ, గుర్తింపు కార్డు, చవగ్గా సూదులు, తిరునాళ్ళలో నిలబడే చోటు ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ మోయలేని ఖర్చు కాదు. జానపద కళల పేరుతో వేదికల మీద శాలువాలు కప్పే సాంస్కృతిక శాఖలు ఈ పని చేయొచ్చు. అడగాల్సింది మనం.

పచ్చబొట్టు మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకు అక్కర్లేదు. దాన్ని ప్రతిసారీ మూడు ప్రశ్నలతో చూడాలంటాను. సూది ఎవరి చేతిలో ఉంది, ఆ చేతికి దక్కిందేమిటి? చర్మం ఎవరిది, వద్దనే వీలు ఆ మనిషికి ఉందా? పేరు ఎవరిది, దాన్ని తీసేయాలనుకుంటే ఎవరికి సాధ్యం? ఈ మూడూ అడిగితే అమ్మమ్మది ఒట్టి బానిసత్వమనీ మనవరాలిది ఒట్టి స్వేచ్ఛనీ ఎవరూ అనలేరు. మొదటి ప్రశ్న మాత్రం మనం ఇన్నాళ్ళూ అసలు అడగలేదు. శరీరం మీద హక్కు గురించి ఇంత రాశాం. ఆ శరీరాల మీద ఒళ్ళు వంచి పనిచేసిన ఆడవాళ్ళ హక్కు గురించి నాలుగు ముక్కలు రాయలేదు.

మీ ఇళ్ళలో పచ్చబొట్టున్న ముసలివాళ్ళు ఇంకా ఉంటే వెళ్ళి అడగండి. ఎప్పుడు పొడిచారు, ఎందుకు పొడిచారు అని మాత్రమే కాదు. పొడిచినామె పేరేమిటి, ఏ ఊరునుంచి వచ్చేది, ఏం ఇచ్చి పంపారు, ఎక్కడ కూర్చోబెట్టారు అని కూడా అడగండి. చెప్పేవాళ్ళు ఏటికేడాది తగ్గిపోతున్నారు. వాళ్ళతోపాటే ఆమె పని కూడా కాలిపోతోంది.